బిబియానా కోసం వెతికినవారు

ఇతౌగ్వా,
మార్చి చివరి వారం

అక్క మీర్తాకు,

నువ్వు పంపిన చీజ్ గడ్డ అందింది. బస్సు కండక్టరు దాన్ని ఇంజను పక్కన పెట్టి తెచ్చాడేమో, పైన చెమట పట్టింది. అయినా రుచి చెడలేదు. పొట్లం పంపితే ఉత్తరం కూడా పెట్టాలన్న అమ్మ అలవాటు నువ్వు మర్చిపోలేదు, సంతోషం. కాకపోతే రాసింది నాలుగే ముక్కలు, అందులో మూడు నీ మోకాళ్ళ నొప్పుల గురించి.

నా దగ్గర మాత్రం పెద్ద కబురుంది. లేసు అమ్ముకోవడానికి నెట్‌లో దుకాణం తెరిచానని చెప్పాను కదా. "గాలిలో దుకాణమేంటే, ఎవడు కొంటాడు?" అని అప్పుడు వెక్కిరించావు. కొంటున్నారులే. ఆ దుకాణాలు నడిపేవాళ్ళు సోమవారం సోమవారం నాకొక చిట్టా పంపుతారు. ఆ వారం నన్ను ఏ ఊరి నుంచి వెతికారు, ఏ వేళప్పుడు వెతికారు, ఏ పేరు కొట్టి వెతికారు, అన్నీ ఉంటాయి. వెతికిన మనిషి ఎవరన్నది మాత్రం చెప్పరు. రాజధాని నుంచి 'లేసు టేబుల్ గుడ్డ' అనో, 'జుల్మా లేసు' అనో వెతుకుతుంటారు. అది మామూలే.

ఇప్పుడు చెప్పేది విను. మీ కొన్సెప్సియోన్ నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, ఎవరో 'బిబియానా ఒకాంపోస్' అని కొట్టి నన్ను వెతుకుతున్నారు!

బిబియానా అట! చర్చి క్యాలెండర్లో ఆ రోజు ఏ సెయింటు ఉంటే ఆ పేరు పెట్టేసేవాడు కదా నాన్న. నీకు దియొనీసియా, నాకు బిబియానా. బళ్ళో పిల్లలు ఏడిపిస్తారని అమ్మ మీర్తా, జుల్మా అని పైకి చెప్పుకునే పేర్లు తగిలించింది కాబట్టి బతికిపోయాం. గుర్తింపు కార్డులో ఆ పేరు కూడా ఉంది గనక దుకాణం కాగితాల్లో రాయక తప్పలేదు. కానీ ఆ పేరుతో నన్ను వెతికే మనిషి ఎవరక్కా? అదీ మీ ఊళ్ళో?

నాకైతే సోమవారం ఎప్పుడొస్తుందా అని ఉంటోంది. ఈ వయసులో కూడా నన్ను వెతికే దిక్కు ఒకటుందన్నమాట. నీకెవరి మీదైనా అనుమానముంటే రాయి.

నీ చెల్లెలు
జుల్మా


కొన్సెప్సియోన్,
ఏప్రిల్, మట్టల ఆదివారం దాటాక

జుల్మాకు,

పండుగకి చీపా రొట్టెలు కాల్చాను, డజను పంపుతున్నాను. గట్టిగా ఉన్నాయని వంక పెట్టకు. ఇక్కడ పొయ్యి సరిగ్గా కాలడం లేదు.

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. ఎవరో వెతికారట, ఈవిడగారు సోమవారం కోసం ఎదురుచూస్తున్నారట! పేరు కార్డులో ఉందని నువ్వే అన్నావు. ఏ బ్యాంకు గుమాస్తానో, ఏ బేరగాడో చూసుంటాడు. నాకు ఆ యంత్రాల గొడవ తెలియదు. ఇంట్లో ఉన్నది మీ బావ ఫోను ఒక్కటే. అది ఆయన పడవ మోటార్ల ఖాతాదార్లతో మోగుతూనే ఉంటుంది. ఆదివారం మాత్రం భోంచేసి, దాన్ని గుండెల మీద పెట్టుకుని ఊయల మంచంలో గుర్రు పెడతాడు.

అయినా ఒకటి అడుగుతాను. నువ్వంత మురిసిపోతున్నావంటే నీ మనసులో ఎవరో ఉన్నారు. ఇంటి బయట ఎవరికైనా చెప్పావా ఆ పేరు? చెప్పుంటే ఎవరికి?

అమ్మ లేసు చట్రం మీద ఇంకా కుట్టు సాగుతోందా? దానికి చెద పట్టకుండా చూసుకో. అది నాకు దక్కాల్సిందని ఇప్పుడు అనను, అన్నా నువ్వు వినవు.

మీర్తా


ఇతౌగ్వా,
ఏప్రిల్ చివర

అక్కా,

చీపాలు గట్టిగానే ఉన్నాయి. అయినా పాలలో ముంచుకుని తినేశాను.

అడిగావు కాబట్టి చెప్తున్నాను, మనసులో ఏమీ పెట్టుకోకు. ఆ పేరు ఇంటి బయట నేను ఒక్కడికే చెప్పాను. సాన్ హువాన్ పండుగ సాయంత్రం మనం అబ్బాయిల పేర్లు చీటీల మీద రాసి, మడిచి, అమ్మ ఇత్తడి పళ్ళెంలో నీళ్ళ మీద వదిలాం, గుర్తుందా? ఎవరి చీటీ విచ్చుకుంటే వాడే మొగుడని. నాకు విచ్చుకున్నది సిరీలో పేరు. నువ్వు చూశావు కూడా. చూసి, "ఆ కాగితం పల్చన, అందుకే విచ్చుకుంది" అన్నావు. ఆ తరవాత పండుగ మంట దగ్గర సిరీలో నన్ను, "నీ అసలు పేరేంటి? అందరికీ తెలిసింది కాదు, అసలుది" అని అడిగాడు. చెప్పాను. వాడు నవ్వలేదక్కా. ఆ పేరు విని నవ్వని మనిషి వాడొక్కడే.

తరవాత ఏం జరిగిందో మనిద్దరికీ తెలుసు. నువ్వు వాడి పెళ్ళానివయ్యావు, వాడు నాకు బావ అయ్యాడు. అవన్నీ ఎప్పుడో మర్చిపోయాను. అడిగావు కాబట్టి చెప్పానంతే. బావ ఆదివారాలు నిద్రపోతాడని నువ్వే రాశావు, నిద్రపోతూ ఎవరూ ఎవర్నీ వెతకరు కదా.

అన్నట్టు, కొత్త ఫోటో పెట్టాను. నీలం బ్లౌజు వేసుకుని, జామపువ్వు లేసు ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాను. అది పెట్టిన ఆదివారం మీ ఊరి మనిషి నన్ను ఎప్పటిలా ఒక్కసారి కాదు, పొద్దుగూకేదాకా మళ్ళీ మళ్ళీ వెతికాడు. నీలం రంగు ఎవరికి ఇష్టమో నాకు గుర్తు లేదు. నీకేమైనా గుర్తుందా?

జుల్మా


కొన్సెప్సియోన్,
మే నెల

జుల్మా,

ఈసారి పొట్లం లేదు. ఉత్తరం ఒక్కటే, అదైనా ఒళ్ళు మండి రాస్తున్నాను.

ఏమే, ఇన్నేళ్ళూ నా ఇంటికొచ్చి, నా మొగుడి ఎదురుగా కూర్చుని, నేను వడ్డించింది తిని వెళ్ళావే, ఒక్కసారైనా నోరు విప్పి నాతో అన్నావా ఆయనకి నీ పేరు చెప్పానని? నాకు తెలిసి ఆయన నా అసలు పేరు పెళ్ళిలో ఫాదరు చదువుతుంటే విన్నాడు. విని పకపకా నవ్వాడు. చర్చిలో అందరి ముందూ! దియొనీసియా అంటే నవ్వు, బిబియానా అంటే నవ్వు రాదన్నమాట!

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆయన మీద ఓ కన్నేసి ఉంచాను. నిన్న అన్నం పెడుతూ ఊరికే అన్నాను.

"జుల్మా కొత్త ఫోటో పెట్టిందట నెట్‌లో."

"అట్లాగా? బాగుందా?"

"నాకేం తెలుసు? నువ్వే చెప్పాలి."

"నేనెక్కడ చూశానే? ఇంకాస్త కూర వెయ్యి."

ఆ 'అట్లాగా' అన్న తీరు నాకు నచ్చలేదు. మొగాడు ఏమీ తెలియనట్టు కూర అడిగాడంటే అన్నీ తెలిసే అడుగుతాడు. నాకిప్పుడు ఆయన పక్కన కూర్చోవాలన్నా, ఆయన చొక్కా ఉతకాలన్నా ఒంటికి కారం రాసినట్టుంది.

కాబట్టి ఇలా చేద్దాం. జూన్ మొదటి ఆదివారం ఆయన ఫోను తీసి మైదా డబ్బాలో దాచేస్తాను. పొద్దున్నుంచీ చీకటి పడేదాకా అది ఆయన చేతికి చిక్కదు. సోమవారం నీ చిట్టా చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ ఆదివారం కూడా ఎవరో వెతికారంటే అది ఆయన కాదు, నేను ఈ సంగతి మళ్ళీ ఎత్తను. ఎవరూ వెతకలేదంటే అది ఆయనే. అప్పుడు ఆయన బట్టలు మూటగట్టి వాకిట్లో పడేస్తాను. పడవల్లో పడుకుంటాడో, పోయి నీ గుమ్మంలో పడతాడో నాకక్కర్లేదు.

నా కాపురం నీ మాట మీద పెడుతున్నాను, చూసి రాయి.

మీర్తా


ఇతౌగ్వా,
జూన్, చలికాలం మొదలైంది

అక్కా,

ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియడం లేదు. మూడు కాగితాలు చింపేశాను.

సోమవారం చిట్టా వచ్చింది. రాజధాని వాళ్ళున్నారు, ఎవరో పరాయి దేశం వాళ్ళు కూడా ఉన్నారు. కొన్సెప్సియోన్ నుంచి మాత్రం ఎవరూ లేరు. ఆ ఆదివారం మొత్తం ఖాళీ.

నేనేం చెయ్యనక్కా? చూసింది చెప్పమన్నావు, చెప్పాను. నీ కోసం ఏడుపొస్తోంది. బావ అలాంటివాడని నేను అనడం లేదు. మగవాళ్ళకి వయసు మళ్ళేటప్పుడు పాతవి గుర్తొస్తాయట, మా వీధి మందుల కొట్టావిడ చెప్పింది. నువ్వు తొందరపడి ఆయన్ని బయటికి గెంటకు. ఒకవేళ గెంటినా, ఆయన ఇటు రావాలనుకుంటే మాత్రం నేను తలుపు తియ్యను. మరీ చలి ఎక్కువగా ఉంటే వెనక గది ఉంది, అందులో దారపు పెట్టెలు తప్ప ఏమీ లేవు. అది కూడా నీ మొహం చూసే.

నామీద కోపం పెట్టుకోకు. నేనేమీ అడగలేదు, వాళ్ళే వెతికారు.

జుల్మా


కొన్సెప్సియోన్,
సాన్ హువాన్ పండుగకి ముందు

బిబియానా,

ఆ ఆదివారం మీ బావ ఫోను మైదా డబ్బాలోనే ఉంది. దాని కోసం ఆయన ఇల్లంతా తలకిందులు చేసి, చివరికి కోళ్ళ గూట్లో కూడా చెయ్యి పెట్టి చూశాడు. నేనేమో రేవు దగ్గర అద్దె కంప్యూటర్ల కొట్లో ఉన్నాను. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, నా వేలితో నేనే కొట్టాను, 'బిబియానా ఒకాంపోస్' అని. సరిగ్గా పడిందో లేదోనని మళ్ళీ కొట్టాను. నీలం బ్లౌజు ఫోటో వచ్చింది. కొట్టువాడు వచ్చి, "ఇంక మూసేస్తున్నానమ్మా" అనేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఆ ఆదివారం ఖాళీ అని రాశావు నువ్వు.

నేనేనే, మొదటి ఆదివారం నుంచీ నేనే. మీ బావ గుర్రు పెట్టగానే ఆయన గుండెల మీంచి ఫోను మెల్లిగా తీసేదాన్ని. 'జుల్మా' అని కొడితే ఊళ్ళో ఉన్న జుల్మాలందరూ వస్తారు, 'బిబియానా' అంటే నువ్వొక్కదానివే వస్తావు, అందుకే ఆ పేరు.

ప్రేమ కొద్దీ వెతికానని అనుకోకు, మొదట్లో కుళ్ళుతోనే వెతికాను. అమ్మ చట్రం నీకే ఇచ్చింది. పోయే ముందు కూడా "జుల్మా వేళ్ళు" అంది గానీ నా వేళ్ళ ఊసెత్తలేదు. నా చూపు మందగించి నేను కుట్టు మానేశాను, నువ్వేమో అమ్మ పువ్వుల్ని నీ పేరుతో ప్రపంచానికి చూపిస్తున్నావు. ఎక్కడ తప్పు చేస్తావా అని ఫోటోలు పెద్దవి చేసి చూసేదాన్ని. జామపువ్వులో ఎడమవైపు రేకుకి ఒక కుట్టు తక్కువ పడింది. అది దొరికిన రోజు పండగ చేసుకున్నాను. తరవాత తరవాత తప్పులు వెతకడం మర్చిపోయి నీ మొహమే చూసేదాన్ని. చిక్కిపోయావు. బ్లౌజు బాగుంది. నోటితో చెప్పడానికి మనసొప్పలేదు.

'ఎవరో వెతుకుతున్నారు' అని నువ్వు రాసినప్పుడు దొరికిపోయానే అని నవ్వుకున్నాను. సిగ్గేసి తెలియనట్టు రాశాను. ఆ తరవాత మంట దగ్గర నువ్వూ ఆయనా మాట్లాడుకున్న సంగతి రాశావు. నువ్వు కోరుకుంటున్నది ఎవర్నో అప్పుడర్థమైంది. ఎంత దూరం పోతావో చూద్దామని మైదా డబ్బా సంగతి రాశాను. అబద్ధం రాయవనే అనుకున్నాను. పండుగకి నీ దగ్గరికి రావాలని బస్సు టిక్కెట్టు కూడా తీసి పెట్టుకున్నాను. 'ఆ ఆదివారం కూడా వెతికారక్కా, బావ కాదు' అని నువ్వు రాస్తే, ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని వచ్చి నీ గుమ్మంలో నిలబడి 'నేనేనే పిచ్చిమొహమా' అందామనుకున్నాను.

టిక్కెట్టు వాపసు ఇచ్చేశాను. మీ బావకి ఇవేమీ తెలియవు. ఫోనులోంచి మైదా ఇంకా రాలుతోందని విసుక్కుంటున్నాడు. వెనక గది నీ దారపు పెట్టెలకే ఉంచుకో.

దియొనీసియా


ఇతౌగ్వా,
జూన్ ఆఖరు

దియొనీసియా అమ్మగారికి,

బాగుంది, చాలా బాగుంది. దొంగచాటుగా చూసింది నువ్వు, తెలియనట్టు నటించింది నువ్వు, వల పన్నింది నువ్వు, చివరికి దోషం నాదా! మొగుడి ఫోను మైదాలో పాతిపెట్టి, కొట్లో కూర్చుని, చెల్లెలు ఎప్పుడు జారిపడుతుందా అని కాచుకున్న మనిషి నాకు నీతులు చెప్పక్కర్లేదు.

నీకు చట్రం లేదని ఏడుపు. నాకేముందో చెప్పనా? చట్రమే ఉంది. నీకు ఆదివారం ఎదురుగా కూర్చుని కూర అడిగే మనిషి ఉన్నాడు. గుర్రు పెడతాడని విసుక్కుంటావు, ఆ గుర్రు వినిపించే ఇల్లు నీది. ఈ ఇంట్లో నేను గిన్నె కింద పడేస్తే తప్ప చప్పుడు ఉండదు. అమ్మని ఆఖరి దాకా ఎత్తి కూర్చోబెట్టింది నేను, తుడిచింది నేను, ఆవిడ ఎవరి వేళ్ళు తలుచుకోవాలి మరి?

ఎవరో నన్ను వెతుకుతున్నారని తెలిశాక సోమవారం పొద్దున్నే జుట్టు దువ్వుకుని చిట్టా తెరిచేదాన్ని. నీలం బ్లౌజు అందుకే కుట్టించుకున్నాను. ఆ మనిషి బావే కావాలని ఏమీ లేదు. లేదు, ఎందుకు అబద్ధం, బావే కావాలనుకున్నాను. వాణ్ణి నీ ఇంట్లోంచి లాక్కోవాలని కాదు. ఒక్కసారి, ఒక్క విషయంలో, నువ్వు నన్ను చూసి కుళ్ళుకోవాలని.

చిట్టాలో ఆ ఆదివారం కొన్సెప్సియోన్ అని ఉంది. చూశాను. చూసే రాశాను ఖాళీ అని.

జుల్మా


ఇతౌగ్వా,
ఆగస్టు

అక్కా,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. రాయవని తెలుసు. పొట్లం లేకుండా మన ఇళ్ళ మధ్య బస్సు ఇన్ని రోజులు ఎప్పుడూ తిరగలేదు. కండక్టరు కూడా అడిగాడు, "ఏంటమ్మా, మీ అక్క చీజ్ చెయ్యడం మానేసిందా?" అని. మోకాళ్ళ నొప్పులని చెప్పాను.

సోమవారాలు చిట్టా వస్తూనే ఉంది. రాజధాని ఉంటుంది, పరాయి ఊళ్ళుంటాయి. కొన్సెప్సియోన్ ఉండదు. ఇప్పుడు నిజంగానే ఖాళీ. మొదటి వారం పంతం పట్టావనుకున్నాను, రెండో వారం బావ ఫోను చెడిపోయిందనుకున్నాను. ఆ తరవాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. బావ వెతికితే బాగుండునని ఇప్పుడు అనిపించడం లేదు. నువ్వు వెతకడం లేదే అని మాత్రం అనిపిస్తోంది. ఆ నీలం బ్లౌజు ఫోటో తీసేశాను, తీసేస్తే నీకు చూడ్డానికి ఏమీ ఉండదని మళ్ళీ పెట్టాను.

జామపువ్వు చూశాను. ఎడమ రేకుకి కుట్టు తక్కువే. ఈ ఊళ్ళో ఒక్కరూ పట్టలేదు ఆ తప్పు, కొన్నావిడ కూడా పట్టలేదు. చూపు మందగించిందన్న నీకు ఫోనులో కనిపించింది. చట్రం మాత్రం బస్సులో పంపను, చెప్తున్నాను. కండక్టరు దాన్ని కూడా ఇంజను పక్కనే పెడతాడు. నీకు కావాలంటే వచ్చి తీసుకెళ్ళు. వచ్చినప్పుడు ఆ రేకు ఎలా సరిచెయ్యాలో చూపించు, అమ్మ నాకది సరిగ్గా నేర్పలేదు.

నిన్న ఆదివారం భోజనం అయ్యాక ఏమీ తోచక కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యని పని చేశాను. 'దియొనీసియా ఒకాంపోస్' అని కొట్టాను. ఎవరెవరో వచ్చారు. కిందికి, ఇంకా కిందికి పోతే మీ చర్చి వాళ్ళు పెట్టిన పండుగ ఫోటో ఒకటి దొరికింది. చందాలిచ్చిన వాళ్ళని కార్డుల్లో ఉన్న పేర్లతోనే రాసినట్టున్నారు. అందరూ ముందుకి నిలబడి నవ్వుతున్నారు. నువ్వు వెనక వరసలో, పెద్ద వంటపాత్ర పట్టుకుని, ఎవరి భుజం వెనకో సగం మొహంతో ఉన్నావు. నెత్తి మీద జుట్టు అంతా తెల్లబడింది. నాకు తెలియదక్కా, నేను అటు వచ్చి ఎన్నాళ్ళో అయింది, ఎవరూ చెప్పలేదు. పెద్దది చేసి చూస్తే మొహం చెదిరిపోయింది, మళ్ళీ చిన్నది చేసి చూస్తూ కూర్చున్నాను.

నీకు దుకాణం లేదు. సోమవారం నీకు ఏ చిట్టా రాదు. ఎవరు వెతికారో, ఏ ఊరి నుంచి వెతికారో, ఏ పేరు కొట్టారో నీకు చెప్పే దిక్కు లేదు. అందుకే రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఇతౌగ్వా నుంచి నిన్ను వెతికింది నేను.

బిబియానా